కొండ మీది లాడ్జికి చిన్న కారు చాలు, కానీ పగటిపూటే చేరండి

"వారాంతానికి కొండ మీద మారుమూల లాడ్జి ఒకటి బుక్ చేసుకున్నాం. దారి బాగా కష్టమంటున్నారు. మాది చిన్న కారు. ఎక్కుతుందా, పెద్ద బండి అద్దెకు తీసుకోవాలా?" అని అడిగారు.

ఎక్కుతుంది. టర్బో (గాలిని ఒత్తి ఇంజనులోకి పంపే పరికరం) లేని ఇంజనుకు ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ శక్తి దాదాపు పదో వంతు తగ్గుతుంది. ఎత్తులో గాలి పలచబడటమే అందుకు కారణం. ఒక గేరు తగ్గించి నడిపితే ఆ లోటు తెలియదు. ఘాట్ రోడ్డులో మనుషుల్ని ఏడిపించేది ఇంజను కాదు, చీకటి. దానికి తోడు, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో లాడ్జి వాళ్లు నిజం చెప్పరు.

మేము అలాంటి లాడ్జికే వెళ్లాం. కారు నేను నడిపాను. పక్కన మా వారు, వెనక సీటులో అత్తయ్య, మా అబ్బాయి. ముందురోజు ఫోను చేస్తే "రోడ్డు బాగుంటుందండీ, మధ్యాహ్నం బయలుదేరినా వెలుతురు ఉండగానే వచ్చేస్తారు" అని భరోసా ఇచ్చారు. తారు రోడ్డు ఉన్నంతవరకు ఆ మాట నిజమే. లాడ్జి బోర్డు చూసి పక్కదారిలోకి తిరిగాక అసలు సంగతి తెలిసింది. ఒక్క బండికి సరిపడే వెడల్పు. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ, అంచున పిట్టగోడ కూడా లేదు. వాన నీటికి కోసుకుపోయిన చోటల్లా కంకర తేలి ఉంది. సాయంత్రమయ్యేసరికి పొగమంచు కమ్మింది. తేమగాలి కొండవాలు వెంట పైకి వెళ్తూ చల్లబడుతుంది, అందులోని తేమ సన్నని నీటి బిందువులుగా మారుతుంది. కింద నుంచి చూసినప్పుడు శిఖరానికి చుట్టుకున్న మబ్బుగా కనిపించేది ఆ మంచే. నేరుగా అందులోకే వెళ్తున్నాం.

ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా జీపు. పైన కట్టిన సామాను, లోపల కిక్కిరిసిన మనుషులు, కళ్లలోకి గుచ్చుకునే హెడ్‌లైట్లు. ఆ డ్రైవరు హారన్ కొడుతూ మమ్మల్ని వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. నేను హ్యాండ్ బ్రేకు వేసి కదలలేదు. వాలులో, మంచులో, లోయ అంచున కిందికి రివర్సు చేయడం కంటే పైకి రివర్సు చేయడం ఎన్నో రెట్లు క్షేమం. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం అందుకే పుట్టింది. మా వారు దిగి ఫోను టార్చి పట్టుకుని జీపు దాటి పైకి నడిచారు. దాని వెనక కాస్త దూరంలోనే కొండ వైపు తొలిచిన ఖాళీ ఉంది. రెండు బండ్లు తప్పుకోవడానికే అలాంటివి వదులుతారు. ఆయన వచ్చి నెమ్మదిగా చెప్పాక డ్రైవరు విసుక్కుంటూనే వెనక్కి పోయాడు. ఇక ఆగిన చోటి నుంచి ఎక్కాలి. హ్యాండ్ బ్రేకు పట్టి ఉంచి, క్లచ్ సగం వదిలి, ఇంజను పట్టు దొరికిందని తెలిశాకే బ్రేకు దించాను. చక్రం కింద కంకర జారిన చప్పుడుకు అత్తయ్య దేవుణ్ణి తలుచుకోవడం వినిపించింది. అద్దానికీ జీపుకీ మధ్య అరచేయి పట్టేంత సందులోంచి బయటపడ్డాం.

పొగమంచులో హైబీము వేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది, దారి ఇంకా కనబడకుండా పోతుంది. డిప్పులో నడపాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని పోయేవాళ్లు ఇంకో రకం. వాళ్లు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకు ఎలా తెలియాలి?

వీళ్లందరికంటే ప్రమాదకరమైన వాళ్లు పెట్రోలు ఆదా అంటూ న్యూట్రల్‌లో దిగేవాళ్లు. ఆదా కూడా ఉండదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆరిపోకుండా కాస్త కాలుతూనే ఉంటుంది. బరువంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పీల్చుకున్న పాతదైతే 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే అందులో ఆవిరి బుడగలు చేరతాయి, పెడలు నొక్కితే కాలు నేలదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ కారులోనూ తక్కువ గేరులో ఉంచే వీలుంటుంది. బ్రేకు ఆయిలు మార్చి రెండేళ్లు దాటితే బయలుదేరే ముందే మార్పించండి. పెద్ద బండి అద్దెకు పెట్టే డబ్బులో ఇది చాలా చిన్న భాగం.

మ్యాపు ముందే ఫోనులోకి దించుకోండి. సిగ్నల్ లేకపోయినా ఫోను ఉపగ్రహాల నుంచి మనం ఎక్కడున్నామో కనుక్కుంటుంది, దించుకోకపోతే తెర మీద దారి మాత్రం కనిపించదు. అది చూపే సమయాన్ని ఇలాంటి దారిలో నమ్మకండి. ఎదురుబండి కోసం ఆగడాలు, మంచులో నడక వేగంతో పోవడాలు ఆ లెక్కలోకి రావు.

లాడ్జికి ఫోను చేసినప్పుడు రోడ్డు ఎలా ఉంటుందని అడగకండి, బాగుంటుందనే చెబుతారు. తారు ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి ఎన్ని కిలోమీటర్లు, రోజూ పాలూ కూరగాయలూ ఏ బండిలో వస్తాయి, దానికి ఎంతసేపు పడుతుంది అని అడగండి. మామూలు కారో ఆటోనో వస్తుందంటే మీ కారు వెళ్తుంది, ఆ సమయానికి రెట్టింపు వేసుకుని, ఎండ ఉండగానే చేరేలా బయలుదేరండి. జీపు తప్ప ఏదీ రాదంటే, కారు తారు రోడ్డు దగ్గరే ఆపుకునే చోటు ఉందా, అక్కడి నుంచి వాళ్ల బండిలో తీసుకెళ్తారా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి.