బాలిలో విశ్రాంతి కావాలంటే న్యేపి రోజుల్లోనే వెళ్ళండి

అమ్మానాన్నలతో మార్చిలో బాలి వెళ్తున్నాం, హాయిగా గడపాలి, నాలుగు గుళ్ళూ చూడాలి, మధ్యలో న్యేపి పడుతోంది కాబట్టి తేదీలు మార్చుకోమని ఏజెంట్ అంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు. తేదీలు ఉంచుకుని ఏజెంట్‌ని మార్చండి.

న్యేపి అంటే బాలి హిందువుల కొత్త సంవత్సరం. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా దీవి మొత్తం బంద్, విమానాశ్రయంతో సహా. దీపం, పొయ్యి, పని, ప్రయాణం, వినోదం ఏవీ ఉండవు. మొబైల్ డేటా కూడా ఆపేస్తారు. ఆ రోజు కారు కిరాయి రాదు, టికెట్ల మీద కమీషన్ రాదు. ఏజెంట్ల బాధంతా అదే.

2023లో న్యేపి, మన ఉగాది ఒకే రోజు వచ్చాయి, మార్చి 22న. మేం ఉబుద్‌లో ఒకరింటి ఆవరణలో గదులు తీసుకుని ఉన్నాం. ముందురోజు సాయంత్రం ఓగో-ఓగో ఊరేగింపు. వెదురుతో, కాగితంతో చేసిన పెద్ద పెద్ద రాక్షసులను కుర్రాళ్ళు భుజాల మీద మోసుకొచ్చి కూడలిలో గిరగిరా తిప్పుతుంటే మేమంతా నోరు తెరుచుకుని చూస్తున్నాం. నాన్న మాత్రం ఒక బ్యానర్ దగ్గర ఆగిపోయారు. దాని మీద శక 1945 అని ఉంది. ఫోన్‌లో పంచాంగం తీశారు. శాలివాహన శకం 1945! పక్కన నిలబడ్డ వాళ్ళకి ఆ సంగతంతా తెలుగులోనే వివరించారు. వాళ్ళూ మర్యాదగా తలలూపారు.

పండగ పూట పొయ్యి వెలిగించకూడదనేసరికి అమ్మకు టెన్షన్ పట్టుకుంది. ఇంటావిడను సైగలతో బతిమాలింది. ఆవిడ నవ్వుతూ "ఇబు", అంటే అమ్మా, అని చెయ్యి పట్టుకుంది కానీ ఒప్పుకోలేదు. కాసేపటికి అమ్మకే తట్టింది, ఉగాది పచ్చడికి పొయ్యితో పనేముంది! మామిడికాయ, చింతపండు సంతలో కొన్నవి, బెల్లం అక్కడిదే, వేపపువ్వు ఇంటి నుంచి పొట్లం కట్టి తెచ్చింది. ఇంటావిడకు ఉపవాసం, అందుకని ఆవిడ వాటా మూత పెట్టి ఉంచాం. మర్నాడు ఒక చెంచా నోట్లో వేసుకుని మొహం అష్టవంకర్లు తిప్పి, మళ్ళీ ఇంకో చెంచా అడిగింది.

నాన్న అలవాటుగా వాకింగ్‌కి గేటు దాటబోతే పెచలాంగ్, అంటే గళ్ళ లుంగీ కట్టుకున్న ఊరి కాపలాదార్లు, వెనక్కి పంపేశారు. ఆయన చేసేదేం లేక మధ్యాహ్నం దాకా నిద్రపోయారు. రిటైరయ్యాక కూడా ఆయన అలా పడుకోగా మేం చూడలేదు. ఏ రిసార్ట్‌లో స్పాకి డబ్బు కడితే వస్తుందండీ అది?

గుళ్ళంటారా, రోజుకి ఐదు చూపిస్తాం అనే ప్యాకేజీలో చూసేది కూటా ట్రాఫిక్ మాత్రమే. రెండు చాలు. తీర్థ ఎంపుల్‌లో తీరిగ్గా ధారల కింద స్నానం చేయండి, 962 నాటి తీర్థం అది. పితృకర్మలకు కేటాయించిన ధారలుంటాయి, అక్కడివాళ్ళని అడిగి వాటిని వదిలేయండి. సాయంత్రం ఉలువాతు గుడి దగ్గర కెచక్ నృత్యం. వాయిద్యమే లేకుండా మగవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని "చక్ చక్" అంటూ రామాయణం నడిపిస్తారు. మనవాళ్ళు కొందరు హనుమంతుడు రాకముందే బిర్యానీ ఎక్కడ దొరుకుతుందో వెతుకుతూ లేచిపోతారు, వాళ్ళ పక్కన మాత్రం కూర్చోకండి. ఇక వరిపొలాల మీద ఊయల ఫొటోకి క్యూలో నిలబడే ఓపిక మీకుంటే మీ ఇష్టం.

పెద్దవాళ్ళకి చీకటి, తిండి ఇబ్బంది అనుకుంటే న్యేపి ఒక్కరోజుకి హోటల్ తీసుకోండి. ఆవరణ దాటనివ్వరు గానీ భోజనం పెడతారు. ఇంట్లో దిగితే తినేవి రెండు రోజుల ముందే కొనేయండి. మేం ముందురోజు వెళ్ళేసరికి కొట్లో బ్రెడ్ అరలన్నీ ఖాళీ, అమ్మ తెచ్చిన జంతికలే కాపాడాయి.