జేబులో మోర్సింగ్ పెట్టుకుని యుద్ధానికి వెళ్లిన కల్నల్

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా అశ్వికదళ అధికారి అనగానే అందరూ కస్టర్ పేరే చెబుతారని, ఆయన కాకుండా తెలుసుకోదగిన జీవితం ఇంకెవరిదైనా ఉందా అని మీరు అడిగారు. బెంజమిన్ గ్రియర్సన్ గురించి చదవండి. ఆయన వృత్తి రీత్యా సంగీతం మాస్టారు. ఎనిమిదేళ్ల వయసులో గుర్రం ముఖం మీద తన్నితే కొన్నాళ్లు చూపు పోయింది, మచ్చ మాత్రం జీవితాంతం ఉండిపోయింది. గుర్రాలంటే అపనమ్మకం కూడా.

నేను టెక్సస్‌లో ఉంటాను. వారాంతాల్లో మన పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. కొన్నేళ్ల క్రితం మావారి ఉద్యోగం పని మీద సాన్ ఆంజెలో వెళ్లినప్పుడు, ఊళ్లోనే ఉన్న పాత సైనిక స్థావరం ఫోర్ట్ కాంచో చూడటానికి పిల్లలతో కలిసి వెళ్లాను. అప్పటిదాకా గ్రియర్సన్ పేరే వినలేదు. తిరిగి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. 1863లో శత్రువుల భూభాగంలోకి దండు తీసుకుని వెళ్తున్నప్పుడు ఆయన దగ్గర ఒక చిన్న పటం, ఒక దిక్సూచి, ఒక మోర్సింగ్ ఉన్నాయని చదివి పుస్తకం పక్కన పెట్టేశాను. అక్కడివాళ్లు దాన్ని వేరే పేరుతో పిలుస్తారు గానీ వాద్యం అదే జాతిది: పళ్ల దగ్గర పట్టుకుని వేలితో మీటే ఇనుప ముక్క. మా నాన్నగారు మృదంగ విద్వాంసులు. ఆయన కచేరీలకు మోర్సింగ్ వాయించడానికి వచ్చే బాబాయిగారు దాన్ని చిన్న గుడ్డలో చుట్టి లాల్చీ జేబులో వేసుకునేవారు. ఆ జేబే గుర్తొచ్చింది నాకు.

గ్రియర్సన్ 1826లో పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. ఇల్లినాయ్‌లోని జాక్సన్‌విల్‌లో పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ, బ్యాండు నడుపుకుంటూ బతికారు. పెళ్లయ్యాక పాఠాలతో సంసారం గడవదని మెరిడోషియా అనే ఊళ్లో దుకాణంలో భాగస్థుడిగా చేరి పూర్తిగా నష్టపోయారు. అప్పుల్లో ఉండగానే 1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం వచ్చింది. ఆయన ఉత్తరాది పక్షం. సైనిక పాఠశాల ముఖం చూసినవారు కాదు. పదాతిదళంలో ఉద్యోగం ఆశిస్తే 6వ ఇల్లినాయ్ అశ్వికదళంలో మేజరు పదవి వచ్చింది. కాదనలేదు. రాత్రిళ్లు యుద్ధవిద్య పుస్తకాలు చదువుకుని, పగలు దాన్నే సైనికులకు నేర్పారు. కొత్త రాగం ఎత్తుకోవాల్సిన రోజు మాస్టారు ముందురాత్రి సాధన చేసుకున్నట్టే ఇదీ.

1863 ఏప్రిల్ 17న 1,700 మందితో టెనెసీలోని లా గ్రాంజ్ నుంచి బయలుదేరారు. ఉత్తరాది సేనాని గ్రాంట్ దక్షిణాదివాళ్ల కోట విక్స్‌బర్గ్ దగ్గర మిసిసిపీ నది దాటే సమయానికి శత్రువు దృష్టిని వేరే వైపు లాగాలి, ఆ కోటకు సరుకులు చేర్చే రైలుమార్గం తెంచాలి. మూడు రోజులయ్యాక జబ్బుపడ్డవారిని, నీరసించినవారిని సుమారు 175 మందిని వేరుచేసి, ఒక ఫిరంగి ఇచ్చి, వచ్చిన దారినే రాత్రిపూట నలుగురేసి వరుసల్లో వెనక్కి పంపారు. తెల్లారి అడుగుజాడలు చూసినవాడికి దళమంతా వెనుదిరిగిందనిపించాలి. మర్నాడు 2వ అయోవా రెజిమెంటును కూడా అలాగే పంపి తరుముతున్నవారిని దాని వెంట పరిగెత్తించారు. మిగిలినవారు ఏప్రిల్ 24న న్యూటన్ స్టేషన్ చేరి రెండు రైళ్లు పట్టుకుని, పట్టాలు పీకి, తంతి తీగలు తెంపేశారు. తర్వాత వెనక్కి రాకుండా దక్షిణానికే సాగి మే 2న బేటన్ రూజ్ చేరారు. 16 రోజుల్లో దాదాపు 600 మైళ్లు. ఆయన దళంలో పోయిన ప్రాణాలు మూడు.

నాకు బాగా ఇష్టమైనది చివరి రోజు ఉదయం. బేటన్ రూజ్‌కు కొద్ది దూరంలో సైనికులు గుర్రాల మీద నుంచి దిగీ దిగగానే నిద్రలో పడిపోయారు. కాపలాకు ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. పక్కనే ఉన్న పెద్ద ఇంట్లోకి గ్రియర్సన్ వెళ్లారు. ఇంటివాళ్లు తెల్లబోయి చూస్తుండగా ముందు గదిలోని పియానో ముందు కూర్చుని వాయించారు. అలా నిద్ర ఆపుకున్నానని తర్వాత ఆయనే రాసుకున్నారు.

సాధారణంగా ఆయన కథను ఇక్కడితో ఆపేస్తారు. అసలు జీవితం ఆ తర్వాతే ఉందని నా నమ్మకం. 1866లో నల్లజాతి సైనికులతో 10వ అశ్వికదళం ఏర్పడింది. బఫెలో సోల్జర్స్ అని పేరుపడినవారిలో వీళ్లొకరు. దానికి కల్నల్‌గా గ్రియర్సన్‌ను నియమించారు. ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో పై అధికారి ఈ దళానికి నీళ్లు నిలిచే పల్లపు నేల చూపించి అక్కడే గుడారాలు వేసుకోమన్నాడు. మనుషులు జబ్బుపడ్డారు. గ్రియర్సన్ ఊరుకోలేదు, అందరి ముందే వాదించారు. కాగితాల మీద రెజిమెంటు పేరు పక్కన సైనికుల రంగును తెలిపే మాట రాయవద్దని తన అధికారులను ఆదేశించారు. ‘10వ అశ్వికదళం’, అంతే. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి అధికారి హెన్రీ ఫ్లిప్పర్ ఈ దళంలోనే చేరారు. 1881లో ఫోర్ట్ డేవిస్‌లో ఆయన్ను సైనిక విచారణకు నిలబెట్టినప్పుడు ఆయన నడవడిక మంచిదని గ్రియర్సన్ లేఖ రాసిచ్చారు. ఆ లేఖ ఫ్లిప్పర్ ఉద్యోగాన్ని కాపాడలేకపోయింది.

ఈ ఉద్యోగమంతా అక్కడి మూలవాసుల నేలను ఆక్రమించుకునే పనిలో భాగమేనని మరిచిపోకూడదు. ఓక్లహోమాలో ఫోర్ట్ సిల్ కట్టినప్పుడు గ్రియర్సన్, మూలవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంటు, శాంతిని నమ్మే క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందిన లారీ టేటమ్‌తో కలిసి వాళ్లతో సామరస్యంగా నడవాలని చూశారు. మెతకవాడని తోటివాళ్లు ఆడిపోసుకున్నారు. కానీ 1880లో పశ్చిమ టెక్సస్‌లో అపాచీ తెగ నాయకుడు విక్టోరియోను అడ్డుకున్నదీ ఆయనే. తన మనుషులను సొంత నేల నుంచి తరలించి బతకలేని చోట పెడితే తిరగబడ్డవాడు విక్టోరియో. ఎడారిలో అతణ్ణి వెంటాడితే గుర్రాలు చస్తాయే తప్ప లాభం లేదని గ్రియర్సన్‌కు తెలుసు. అందుకని ముందే వెళ్లి నీటిగుంటల దగ్గర కాపు కాశారు. ఆ జూలైలో టినాజా డె లాస్ పాల్మాస్ అనే గుంట దగ్గర కొద్దిమంది సైనికులతో, తన కొడుకు రాబర్ట్‌తో రాళ్ల గోడ పేర్చుకుని సాయం వచ్చేదాకా నిలబడ్డారు. నీళ్లు దొరకని విక్టోరియో మెక్సికో వైపు మళ్లాడు. అక్టోబరులో అక్కడి సైన్యం చేతిలో చనిపోయాడు. ఆ కొండల దారిలో ఒకసారి వేసవిలో కారులో వెళ్లాను. మైళ్లకు మైళ్లు ఒక చెట్టు నీడ లేదు. నీటి మీద కాపు అంటే ఎంత కఠినమైన ఆయుధమో అక్కడ అర్థమైంది.

ఫోర్ట్ కాంచోలో నేను చూసిన సున్నపురాతి ఇల్లు ఆయన కుటుంబం కాపురం ఉన్నదే. ఎదురుగా విశాలమైన కవాతు మైదానం. ఆ ఇంటి పై గదిలోనే 1878 సెప్టెంబరులో ఆయన కూతురు ఈడిత్ టైఫాయిడ్‌తో పోయింది. పదమూడేళ్లు. మా అమ్మాయికి అప్పుడు పన్నెండు. గది చూసి కిందికి వచ్చేటప్పుడు అది మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది, నేను వదల్లేదు.

మీరు చదవడం మొదలుపెడితే యుద్ధ చరిత్రలకంటే ముందు ఆయనా, భార్య ఆలిస్ రాసుకున్న ఉత్తరాలు చూడండి. ఆమె ఇల్లూ పిల్లలనూ మోస్తూనే కష్టంలో ఉన్న సిపాయిల తరఫున మాట్లాడేది. తన తరవాతి వాళ్లు పైకి వెళ్తున్నా గ్రియర్సన్ ఇరవై ఏళ్లకు పైగా కల్నల్‌గానే ఉండిపోయారు. శాశ్వత సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ పదవి 1890 ఏప్రిల్‌లో వచ్చింది, జూలైలో పదవీ విరమణ చేశారు. ఆలిస్ 1888లోనే కన్నుమూసింది.