మొదటిసారి డాగ్ పార్కుకి కుక్క లేకుండా వెళ్లండి

అమెరికాలో సియాటెల్ దగ్గరున్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. కుక్కపిల్లని తెచ్చుకున్నాం, మేరీమూర్ పార్కులోని డాగ్ పార్కులో, అంటే కుక్కల్ని తాడు విప్పి తిరగనిచ్చే చోట, వదలొచ్చా అని కొందరు. కుక్క లేదు, పిల్లలకి చూపించడానికి వెళ్లొచ్చా అని ఇంకొందరు. ఇద్దరికీ వెళ్లమనే చెబుతాను. కాకపోతే కుక్క ఉన్నవాళ్లు కూడా మొదటిసారి దాన్ని ఇంట్లోనే ఉంచి, ఒక అరగంట చూసి రండి.

మేరీమూర్‌లో క్రికెట్ ఆడటానికి వెళ్లేవాళ్లలో చాలామందికి అదే పార్కులో కుక్కల కోసం సుమారు 40 ఎకరాలు కేటాయించారని తెలియదు. పచ్చిక, చెట్ల మధ్య కాలిబాటలు, పక్కనే సమామిష్ నది, కుక్కలు నీళ్లలోకి దిగడానికి రేవులు. కారు పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, మర్చిపోతే జరిమానా టికెట్ పడుతుంది. అపార్ట్‌మెంట్ వెనకాల కంచె వేసి డాగ్ పార్క్ అని బోర్డు పెట్టిన బురద జాగాలు నాకు నచ్చవు. కుక్కకి పక్కకి తప్పుకునే చోటు లేనప్పుడే గొడవలు ఎక్కువ.

కుక్క లేకుండా ఎందుకు వెళ్లాలంటే, గేటు దగ్గర జరిగేది చూడాలి. సాధారణంగా ఒకదాని వెనక ఒకటి రెండు గేట్లుంటాయి. మొదటిది మూశాక, రెండోది తెరవకముందు, ఆ మధ్యలోనే లీష్ (మెడతాడు) విప్పాలి. మనవాళ్లు భయంకొద్దీ లీష్ పట్టుకునే లోపలికి వెళ్తారు. అదే ప్రమాదం. చుట్టూ కుక్కలన్నీ వదులుగా తిరుగుతూ, తనొక్కటే కట్టేసి ఉంటే అది బెదిరి పళ్లు చూపిస్తుంది. లోపలికి వెళ్లాక గేటు దగ్గరే నిలబడిపోకండి, నడుస్తూ ఉండండి. కొత్తగా వచ్చిన కుక్క చుట్టూ మిగతావన్నీ మూగేది అక్కడే.

ఇక ఆటేదో, పోట్లాటేదో ఆ అరగంటలోనే కొంత తెలుస్తుంది. ముందు కాళ్లు నేలకి వంచి వెనక భాగం పైకెత్తితే ఆటకి పిలుస్తున్నట్టు. ఒంటిని కర్రలా బిగబట్టి, తోక నిటారుగా పెట్టి కదలకుండా చూస్తుంటే మీ కుక్కని పిలిచేయండి. తోక ఊపితే మంచిదే అన్నది పూర్తిగా నిజం కాదు. పిలిస్తే రాని కుక్కని ఇంకా వదలకూడదు. పేరు పెట్టి పిలవగానే రావడం ఇంట్లో, కంచె ఉన్న పెరట్లో నేర్పి తీసుకురండి. కుక్కపిల్ల అయితే దాదాపు 16 వారాల వరకు సాగే టీకాలన్నీ పూర్తయ్యాక, డాక్టర్ సరేనన్నాకే. కుక్కపిల్లలకి వచ్చే పార్వో అనే వైరస్ చాలా చెడ్డ జబ్బు. ఎదకొచ్చిన ఆడకుక్కని అసలు తేకూడదు.

శనివారం పొద్దున ఇక్కడ ఎనిమిదైతే హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో. అందుకని చాలామంది పార్కులో కుక్కని వదిలి అమ్మావాళ్లకి వీడియో కాల్ పెడతారు. అది వెనకాల ఎక్కడ ఏం చేసిందో తెలియదు, తీయాల్సింది తీయరు, ఇంకెవరో తొక్కుతారు. ఫోన్ కారులోంచి చేసుకోండి. అది ఎత్తే సంచీలు ఎప్పుడూ జేబులో ఉండాలి.

కరిస్తే ఏంటి అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టం సూటిగా ఉంది: బయట మీ కుక్క ఎవరినైనా కరిస్తే, ఇంతకు ముందెప్పుడూ కరవలేదన్నా బాధ్యత మీదే. అవతలివాళ్లు రెచ్చగొట్టారని చూపించగలిగితే వేరే సంగతి. అందుకని ఇంటి ఇన్సూరెన్స్, అద్దె ఇల్లయితే రెంటర్స్ ఇన్సూరెన్స్ ఒకసారి చదవండి. కొన్ని కంపెనీలు కొన్ని జాతుల కుక్కలకి వర్తించదంటాయి. రేబిస్ టీకా, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఇచ్చే కుక్క లైసెన్స్ రెండూ తప్పనిసరి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కకి లైసెన్స్ ఫీజు తక్కువ.

మిమ్మల్నే కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, యజమాని ఫోన్ నంబర్, టీకా వివరాలు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సాధారణంగా ఆ కుక్కని పది రోజులు గమనిస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం మన దగ్గరే పోయింది. కుక్కల నుంచి కుక్కలకి పాకే రకం రేబిస్ అమెరికాలో లేదని 2007లోనే ప్రకటించారు. గబ్బిలాల్లో, కొన్ని అడవి జంతువుల్లో మాత్రం ఉంది.

ఊరి నుంచి వచ్చిన అత్తగారు, మావగారు కూడా వస్తామంటే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. వీధికుక్క మీదికొస్తే మనం వంగి రాయి తీసినట్టు చేస్తాం. ఇక్కడ అలా చేస్తే కుక్క బెదురుతుంది, దాని యజమానికి కోపమొస్తుంది. పరిగెత్తకూడదు, అరవకూడదు, చేతులు కట్టుకుని స్తంభంలా నిలబడితే వాసన చూసి దాని దారిన అది పోతుంది. ఎగిరే చీరకొంగు, చున్నీ నడుముకి దోపుకోమనండి. మడి పట్టింపు ఉన్న పెద్దవాళ్లని బలవంతం చేయొద్దు, బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. ఐదారేళ్ల లోపు పిల్లలని మాత్రం కుక్కలు గుంపుగా పరిగెత్తే చోటికి నేనైతే తీసుకెళ్లను.

తినుబండారాలు కారులోనే వదలండి. సేమియా పాయసంలో కిస్మిస్‌లు, కూరలో ఉల్లిపాయ, పిల్లల చాక్లెట్, ఇవన్నీ కుక్కలకి విషమే. వేరేవాళ్ల కుక్కకి బిస్కెట్ కూడా అడక్కుండా పెట్టకూడదు.

వర్షాకాలం మొదలయ్యాక నది వైపు వెళ్తే ఇంకొంచెం జాగ్రత్త. సెప్టెంబర్, అక్టోబర్లలో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఈ నది మీదుగా ఇస్సక్వా వాగు దాకా ఎదురీదుతాయి. చచ్చి ఒడ్డుకి చేరిన పచ్చి చేపని కుక్క తింటే, దానిలోని పరాన్నజీవి మోసుకొచ్చే సూక్ష్మజీవి వల్ల సాల్మన్ పాయిజనింగ్ వస్తుంది. సుమారు వారంలోపే వాంతులు, విరేచనాలు, జ్వరం మొదలవుతాయి. మందులు తొందరగా వేస్తే తగ్గిపోతుంది, ఆలస్యమైతే చాలా కుక్కలు బతకవు. వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లగానే, చేప తినడం మీరు చూడకపోయినా సరే, నది ఒడ్డున తిరిగిందని ముందే చెప్పండి.