గులాబీ నెల వస్తోందని దిగులు పడుతున్న అమ్మాయికి

తల్లీ,

రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలంటూ అంతా గులాబీమయం చేసే అక్టోబరు దగ్గరపడుతుంటే గుండెల్లో రాయి పడ్డట్టుందని రాశావు. ఆఫీసులో అందరూ గులాబీ చొక్కాలు వేసుకుని నిన్ను వేదిక ఎక్కించాలని చూస్తున్నారనీ, కాదంటే ఏమనుకుంటారోననీ నీ బెంగ. అనుకోనీ. నాలుగు కీమోలు అయిన ఒంటికి వాళ్ల మొహమాటాలు కూడా మోసే ఓపిక ఎక్కడిది?

నా సంగతి చెప్తాను. రొమ్ము తీసేసిన ఆపరేషన్ అయిన ఏడాదికి నన్నూ అలాంటి ఒక సభకు పిలిచారు. ఒక అమ్మాయి గులాబీ రిబ్బన్ తెచ్చి, నా ఎడమవైపు పెట్టబోయి, పిన్ను పట్టుకున్న చెయ్యి ఠక్కున వెనక్కి తీసుకుంది. నాకు గుచ్చుకుంటుందేమోనని దాని భయం. ‘పరవాలేదు, గుచ్చెయ్యి, అక్కడుంది దూదే’ అన్నాను. పాపం, దాని మొహంలో నెత్తురుచుక్క లేదు. నవ్వించబోయి ఏడిపించినంత పని చేశాను.

ఆ తర్వాత మైకులో నన్ను ‘క్యాన్సర్‌ను జయించిన ధీర’ అన్నారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రలు మొదలుపెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. ఇంకా నాలుగేళ్ల పైచిలుకు మింగాలి. ఎప్పుడు జయించానో నాకైతే తెలీదు. మూడో వరసలో, నాతోపాటు రేడియేషన్‌కి వచ్చినావిడ కూర్చుని ఉంది. ఆమెకు అప్పటికే ఎముకలకు పాకింది. ఆమెను ఎవరూ పైకి పిలవలేదు. నేను గెలిచానంటే ఆవిడ ఓడినట్టేగా? ‘ధీర’ అన్న మాటకి అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడా కొట్టింది. ఇప్పటికీ నా కళ్ల ముందు ఆ చేతులే ఆడతాయి.

కాబట్టి కోపం వస్తే తప్పేదో చేస్తున్నట్టు కుమిలిపోకు. నీకంటే ముందు కోప్పడ్డవాళ్లున్నారు. 1990ల మొదట్లో అమెరికాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ ఇంట్లో కూర్చుని పీచ్ రంగు రిబ్బన్లు తయారుచేసి, ఒక్కో కార్డుకి అయిదేసి తగిలించి పంచేది. జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్ ఏడాదికి 180 కోట్ల డాలర్లైతే నివారణకి పోయేది 5 శాతమేననీ, చట్టసభల వాళ్లను నిద్రలేపమనీ ఆ కార్డు మీద ఉండేది. ఒక పత్రికా, ఒక సౌందర్య సాధనాల కంపెనీ వచ్చి ఆ రిబ్బన్ మాకివ్వమంటే, మీది వ్యాపారం, ఇవ్వనంది. వాళ్లు రంగు మార్చి 1992లో గులాబీది పంచారు. నిలదీసిన రిబ్బన్ పోయి, ముచ్చటైన రిబ్బన్ మిగిలింది.

అలాగని అంతా దండగ అనను. ఆ సభ అయ్యాక చేతులు కడుక్కునే చోట ఒకావిడ నన్ను పట్టుకుంది. రెండు నెలలుగా చనుమొన లోపలికి లాగినట్టుందట, నొప్పి లేదు గనక పట్టించుకోలేదట. మర్నాడే పరీక్షకి వెంటబెట్టుకుని వెళ్లాను. క్యాన్సరే, కానీ చిన్నగా ఉండగానే దొరికింది. ఆ నెల అలాంటివాళ్ల కోసం. నీకు తెలియాల్సింది ఎప్పుడో తెలిసింది, నువ్వు హాజరు వేయించుకోనక్కర్లేదు.

‘చికిత్సలో ఉన్నాను, ఈసారి రాలేను’ అని రాసి పెట్టుకో. కారణాలు చేర్చకు, చేరిస్తే బేరం మొదలవుతుంది. ఒకవేళ మాట్లాడాలనిపిస్తే మటుకు, నీ గురించి ఏం చదువుతారో ముందే చూపించమను; ఫోటోలు నీ అనుమతితోనే. ఇంకో అవయవానికి పాకినవాళ్ల గురించి ఒక్క మాటైనా చెప్పు. మగవాళ్లకీ వస్తుందని చెప్పు. వందలో ఒకరే అయినా, గులాబీ గుంపులో వాళ్లు అసలు కనపడరు.

క్యాన్సర్ పేరు చెప్పి గులాబీ డబ్బా కొనమని ఎవరైనా తెస్తే, ఇందులో విరాళంగా ఎంత పోతుంది, ఎవరికి పోతుంది, ఇంతవరకేనని హద్దేమైనా ఉందా అని అడుగు. హద్దు అప్పటికే నిండిపోయి ఉంటే నీ డబ్బు కంపెనీకే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ‘ముందే కనిపెడితే భయం లేదు’ అనే నినాదం. రాత్రి పడుకున్నాక అది ‘మరి నువ్వెందుకు ముందే వెళ్లలేదు?’ అని ప్రశ్నయి లేస్తుంది. ముందుగా దొరికితే మేలే, కాదనను. కానీ రెండు మామోగ్రామ్‌ల (రొమ్ము ఎక్స్‌రేల) నడుమ పెరిగేవీ ఉంటాయి, పదేళ్లు ఊరుకుని తిరగబెట్టేవీ ఉంటాయి. ఒంట్లో గడ్డ స్వభావానికి నువ్వు పూచీ కాదు. ఆ నినాదం కనిపించిన గ్రూపుని నెలాఖరు దాకా మ్యూట్‌లో పెట్టు; నేను రెండు పెట్టాను, అందులో ఒకటి మన చుట్టాలదే.

చెయ్యి బరువుగా, ఉంగరం బిగుతుగా అనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టరుకి చెప్పు, లింఫు అనే ఒంటి ద్రవం చేతిలో చేరి వాయడం మొదట్లో అలాగే ఉంటుంది.

అక్టోబరు 13న స్కాన్ రిపోర్టు అన్నావు. అది రొమ్ము క్యాన్సర్ పాకినవాళ్ల దినంగా అమెరికాలో 2009 నుంచి పాటిస్తున్న రోజే. నా నేస్తం, ఆ మూడో వరస ఆవిడ, ఉన్నన్నాళ్లూ ఆ రోజు మేమిద్దరం కార్యక్రమాలకి వెళ్లకుండా పేకాడుకునేవాళ్లం. నేను పొద్దున్నే బయల్దేరి వస్తాను. రిపోర్టు వచ్చేదాకా ఆడదాం, ముక్కలు నా సంచిలోనే ఉన్నాయి.

నీ పెద్దమ్మ