బ్యాటన్ పట్టబోయే మేనకోడలికి

చెన్నై

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. మ్యూనిక్‌లో బంగారం లాంటి ఉద్యోగం మానేసి, ఆర్కెస్ట్రాని నడిపే విద్య, అదే కండక్టింగ్, చదువుతానంటోంది, నీ మాటైతే వింటుంది, నువ్వైనా చెప్పన్నయ్యా అని. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏమిటో నీకు వేరే చెప్పాలా? విజయనగరం సంగీత కళాశాలలో చాప మీద కూర్చుని వయొలిన్ నేర్చుకుని, మద్రాసు వచ్చాక ముప్ఫై ఏళ్ళు సినిమా రికార్డింగుల్లో సెకండ్ వయొలిన్ వరసలో వాయించినవాణ్ణి నేను. నా మేనకోడలు బీథోవెన్ పుట్టిన దేశంలో ఆర్కెస్ట్రా ముందు నిలబడతానంటే, వద్దని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

అందుకని వద్దనను. ఎలాగో చెప్తాను, విను.

నీకు తెలిసినవి ముందు ఒక ముక్కలో చెప్పేస్తాను. రోజూ పియానో వాయించు. రోజూ రెండు గంటలు స్కోర్, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసి ఉండే ప్రతి, చదువు. జర్మన్ గట్టిగా నేర్చుకో. సీటు చేతికి వచ్చేదాకా ఉద్యోగం వదలకు. వయొలిన్ మాత్రం సీటు వచ్చినా వదలకు.

ఇక వయసు సంగతి. నీకు ఇరవై ఏడు వచ్చాయని, ఆలస్యమైపోయిందని మీ అమ్మ దగ్గర అన్నావట. ఫిన్లాండ్ కండక్టర్ క్లాస్ మాకెలాని చూసి భయపడుతున్నావని అర్థమైంది. 1996లో పుట్టిన కుర్రాడు, 2020లో ఓస్లో ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి చీఫ్ కండక్టర్ అయ్యాడు, 2021లో పారిస్ ఆర్కెస్ట్రా వచ్చింది, 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ, షికాగో సింఫొనీ ఆర్కెస్ట్రాలు రెండూ అతనివే. నిజమే, కళ్ళు తిరుగుతాయి. కానీ ఆ అబ్బాయి చెల్లో వాయిస్తూనే పన్నెండో ఏట కండక్టింగ్ గురువు యోర్మా పానులా దగ్గర చేరాడు. ఓస్లోకి వెళ్ళేనాటికే పన్నెండేళ్ళ చదువు ఉంది వెనక. పానులా గారు హెల్సింకీలో పాఠం చెప్పిన పద్ధతి కూడా తెలుసుకో. ఎదురుగా నిజం ఆర్కెస్ట్రా ఉండేది, పక్కన వీడియో కెమెరా ఉండేది. నడిపిన తర్వాత ఎవరి వీడియో వాళ్ళే చూసుకోవాలి. ఆయన మాట్లాడేది చాలా తక్కువట. నీ చేతులు ఏం చేశాయో నీ కళ్ళతో చూశాక ఇంకొకరు చెప్పేదేముంటుంది? నువ్వు కూడా ఈ వారం నుంచే ఫోన్‌లో తీసుకో. చూడటానికి సిగ్గేస్తుంది. అయినా చూడు.

నీకు రైల్లో రెండు గంటల దూరంలో బాంబెర్గ్ ఉంది కదా. అక్కడ సంగీతకర్త మాలర్ పేరు మీద జరిగే కండక్టర్ల పోటీ 2004లో మొదలైంది. మొదటిసారి డుడామెల్ గెలిచాడు, ఇరవై మూడేళ్ళకి. 2013లో లహావ్ షాని గెలిచాడు, ఇప్పుడు మీ ఊరి ఫిల్హార్మోనిక్‌కే ఎంచుకున్నారు అతన్ని. అందరూ ఈ ఇద్దరి పేర్లే చెప్తారు. నువ్వు 2016 చూడు. కాచున్ వాంగ్, సింగపూర్ అబ్బాయి. బడిలో బ్యాండ్‌లో కార్నెట్ వాయించిన పిల్లవాడు. ముప్ఫైకి దగ్గరపడ్డాక గెలిచాడు. ఇవాళ మాంచెస్టర్‌లో హాలే ఆర్కెస్ట్రా అతని చేతుల్లో ఉంది. అంచేత వయసు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు. నీకంటే ముందు వెళ్ళినవాళ్ళు ఏ తొందరలో పడి ఏం పోగొట్టుకున్నారో అదొక్కటి గమనించు.

మీ అమ్మకి పెద్ద కండక్టర్ జుబిన్ మెహతా గారి సంగతి చెప్పాను. ఆయన కూడా బొంబాయిలో డాక్టరీ చదువు మధ్యలో వదిలేసి, 1954లో పద్దెనిమిదేళ్ళ వయసులో వియన్నా వెళ్ళారు. అది విని మీ అమ్మ కాస్త నెమ్మదించింది. నీకు మాత్రం ఇంకో సంగతి చెప్పాలి. అక్కడ ఆయన స్వరోవ్‌స్కీ గారి దగ్గర కండక్టింగ్ చదువుతూ డబుల్ బాస్ వాయించారు. పెద్ద కండక్టర్ల రిహార్సల్ చూడనివ్వడం లేదని ఆయనా, క్లాడియో అబ్బాడో కలిసి కోరస్‌లో చేరిపోయారు. పాడటం కోసం చేరలేదమ్మా, బ్రూనో వాల్టర్, కరయాన్ లాంటివాళ్ళు ఎక్కడ ఆపుతున్నారు, ఆపి ఏమంటున్నారు అని దగ్గర్నుంచి చూడటానికి. కచేరీలో కనిపించేది వండి వడ్డించిన విస్తరి. వంట రిహార్సల్‌లో జరుగుతుంది. మ్యూనిక్‌లో ఏ ఆర్కెస్ట్రా తలుపు తీసినా లోపలికి దూరు. తియ్యకపోతే కోరస్‌లో చేరు. నీ గొంతు బాగానే ఉంటుంది.

ఆడిషన్‌లో బీథోవెన్ ఐదో సింఫొనీ మొదలు ఇస్తారేమో అన్నావట. ఇచ్చినా ఇవ్వకపోయినా అది సాధన చెయ్యి. లోకమంతా ఎరిగిన ఆ నాలుగు స్వరాల ముందు అరక్షణం నిశ్శబ్దం రాసి ఉంది, చూశావా? తాళం పడ్డాక ఎత్తుకోవాలి. మన అనాగత గ్రహం లాంటిదే అనుకో. ఆ నిశ్శబ్దాన్ని చేత్తో చూపించాలి, అరవై మందికీ ఒకేలా అర్థం కావాలి. నువ్వు లోపల ఒకటి రెండు అని లెక్కపెట్టి చెయ్యి విదిలిస్తే ఒక్కొక్కరు ఒక్కో చోట దూకుతారు. రెండోసారి ఆగే స్వరం మొదటిదానికంటే ఒక బార్, అంటే మన ఆవర్తం లాంటిది, ఎక్కువ ఉంటుంది, అదీ మర్చిపోకు.

దానికి మందు నీకు ఏడేళ్ళప్పుడే తెలుసు. వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు నా పక్కన స్టూల్ మీద నిలబడి పేజీలు తిప్పేదానివి. నేను తల ఊపగానే తిప్పమని నీకు చెప్పాను. నువ్వు ఎప్పుడూ నా తల వైపు చూడలేదు. ఆఖరి బార్ రాగానే ఊపిరి పీల్చి, ఆ ఊపిరితో పాటే కాగితం తిప్పేదానివి. ఒక్కసారి కూడా ముందు తిప్పలేదు, ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆ ఊపిరే కావాలమ్మా. ఆ సింఫొనీ ఏ వేగంలో రావాలో అదే వేగంలో ఊపిరి తీసుకో. వాయించేవాళ్ళు నీ చెయ్యి కంటే ముందు నీ ఊపిరి చూస్తారు. ముప్ఫై ఏళ్ళు అటువైపు కూర్చుని చూసినవాణ్ణి చెప్తున్నాను.

ఇక ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో అది రాస్తాను. మీ అమ్మకి కూడా తెలియదు.

1983. నేను వయొలిన్ వాయిస్తూనే ఒక సంగీత దర్శకుడి దగ్గర పార్ట్స్ రాసే పని కూడా చేసేవాణ్ణి. స్కోర్‌లోంచి ఏ వాద్యానికి ఆ కాగితం విడిగా దించి రాయడం. రాత్రి రెండు దాకా సిరాతో రాసి, పొద్దున తొమ్మిది గంటల కాల్‌షీట్‌కి స్టాండ్ల మీద పెట్టేవాళ్ళం. ఆ రోజు కండక్టర్ గారికి జ్వరం. స్కోరంతా నీకు తెలుసు కదా, నువ్వే నడిపెయ్యి అన్నారు. నలభై మంది దాకా ఉన్నారు హాల్లో. నాకు ముప్ఫై రెండేళ్ళు. చేతులు చల్లబడిపోయాయి.

మొదటిసారి వాయించగానే మధ్యలో ఒకచోట అపస్వరం వినిపించింది. ఆపాను. మళ్ళీ వాయించారు, మళ్ళీ అంతే. క్లారినెట్ నుంచి వస్తోంది. అది వాయించేది రాజమండ్రి వైపు పెద్దాయన, పెళ్ళి బ్యాండ్‌లో మొదలుపెట్టి మద్రాసు వచ్చిన మనిషి, మాకందరికీ తండ్రి వయసు. ఏం వాయిస్తున్నారండీ అన్నాను. రాసిందే బాబూ అన్నారు. మూడోసారీ అదే వచ్చేసరికి అవతల మైక్‌లోంచి టైమ్ అవుతోందని అరుపు. టెన్షన్‌లో నేను అందరి ముందూ అనేశాను: "ఇన్నేళ్ళ సర్వీసు ఉంది, స్వరం తప్పుతున్నట్టు చెవికి తెలియడం లేదా?"

హాల్లో చప్పుడు లేదు. ఆయన నన్నొకసారి చూసి, స్టాండ్ మీద ఉన్న పెన్సిల్ తీసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాతి టేక్ ఒక్క దెబ్బకి ఓకే అయింది. నేను గట్టిగా అనబట్టే దారికొచ్చారనుకున్నాను.

సాయంత్రం పార్ట్స్ అన్నీ పోగు చేస్తుంటే ఆ కాగితం చేతికొచ్చింది. క్లారినెట్ సంగతి నీకు తెలుసు. ఆయన వాయించే రకం క్లారినెట్‌కి కాగితం మీద స ఉంటే బయటికి వినపడేది కింద ఉన్న కైశికి నిషాదం. అందుకని స్కోర్‌లో ఉన్నదానికంటే ఒక స్వరం పైకి రాయాలి. పేజీ అంతా అలాగే రాశాను, మధ్యలో ఎనిమిది బార్లు తప్ప. నిద్రమత్తులో ఆ ఎనిమిదీ ఉన్నవి ఉన్నట్టు దించేశాను. నా సిరా స్వరాల పైన ఆయన పెన్సిల్‌తో, చీమ తలకాయలంత చిన్నగా, సరైనవి రాసుకున్నారు. ఒక్క మాట అనలేదు.

మూడు రోజుల తర్వాత ఇంకో స్టూడియో మెట్ల మీద కనిపించారు, పెరుగన్నం క్యారియర్ విప్పుకుంటూ. పక్కన కూర్చుని తప్పు నాదేనని చెప్పాను. పోనీలే బాబూ, అన్నం తిన్నావా అన్నారు. నా గుండె బరువు దిగిపోయింది. అక్కడే నేను చేసిన రెండో తప్పు. మొదటిదానికంటే పెద్దది. నేను మాటన్నది నలభై మంది ముందు. క్షమాపణ చెప్పింది మెట్ల మీద, ఎవరూ లేనప్పుడు. మళ్ళీ అందరం కలిసినప్పుడు చెప్పవచ్చు. చెప్పాలనీ అనిపించింది. అప్పుడే పేరొస్తోంది, పార్ట్స్ సరిగ్గా రాయడనుకుంటారేమోనని నోరు మూసుకున్నాను.

రెండు నెలలకి, వాద్యకారుల్ని పిలిచే ఏజెంట్ ఒకాయన మాటల్లో అన్నాడు, ఆ పెద్దాయనకి చెవి తగ్గిందట కదా, ఇప్పుడు పిలవడం లేదు అని. ఆ మాట ఎవరి నోట్లోంచి పుట్టిందో నాకు తెలుసు. అప్పుడు చెప్పాను, ఆ ఏజెంట్‌కీ చెప్పాను, ఇంకో నలుగురికీ చెప్పాను. కానీ తప్పుడు మాట పరిగెత్తినంత వేగంగా దిద్దుబాటు పరిగెత్తదు. ఆ తర్వాత రెండుసార్లు నన్ను నడపమన్నారు. భుజం నొప్పని తప్పించుకున్నాను. నా భుజానికి ఏ నొప్పీ లేదు.

అందుకే చెప్తున్నా. ఏ రిహార్సల్‌కైనా ముందు, ప్రతి పార్ట్‌నీ స్కోర్ పక్కన పెట్టి నీ కళ్ళతో చూడు. అచ్చు వేసిందే కదా అని వదలకు. బీథోవెన్ సింఫొనీల ముద్రణల్లోనే ఎన్ని తప్పులు పేరుకుపోయాయంటే, జొనాథన్ డెల్ మార్ గారు చేతిరాతలతో పోల్చి సరిచేసిన ప్రతులు బేరెన్‌రైటర్ అనే ప్రచురణ సంస్థ నుంచి 1996 నుంచి 2000 మధ్య వచ్చాయి. నీ చేతిలో ఒక ప్రతి, వాళ్ళ స్టాండ్ల మీద ఇంకో ప్రతి ఉండటం కూడా మామూలే. తప్పు వినిపిస్తే నువ్వు అడగాల్సింది ఒక్కటే: "మీ కాగితంలో ఏముందండీ?" జర్మన్‌లో దీన్ని మర్యాదగా ఎలా అడగాలో ఇవాళే నేర్చుకో. తప్పు నీదైతే అక్కడే, అందరూ ఉండగానే, మళ్ళీ చెయ్యి ఎత్తకముందే నాదేనని చెప్పు.

చెవులు జాగ్రత్త. నా ఎడమ చెవిలో పదిహేనేళ్ళుగా ఈల మోగుతూనే ఉంది, వెనకాల ట్రంపెట్లు పెట్టుకుని కూర్చున్న పుణ్యం. చెవిలో పెట్టుకునే ప్లగ్స్ సంగీతకారులకని విడిగా చేస్తారు, అవి కొనుక్కో. డబ్బు నేను పంపిస్తాను. సిగ్గుపడి మానేశావని తెలిస్తే ఊరుకోను. రిహార్సల్ ముందు అన్నం మానేసే అలవాటు కూడా మానుకో. ఆకలి మీదున్న మనిషి నోటికి అదుపుండదు.

ఇంకో చిన్న సంగతి. ఆపినప్పుడు ముందు చోటు చెప్పు, తర్వాత ఏం కావాలో చెప్పు. స్కోర్‌లో గుర్తుకి వేసిన ఏ అక్షరం, దానికి ఎన్ని బార్ల ముందు అని. వాళ్ళు వేళ్ళతో లెక్కపెట్టుకునేదాకా ఆగు. నువ్వు మాట్లాడే ప్రతి నిమిషం అరవై మంది చేతుల్లో వాద్యాలు ఊరికే ఉంటాయి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆయనకి కోపం కాదు, నీ వీసా ఏమవుతుందోనని బెంగ. ఆ లెక్కలన్నీ కాగితం మీద రాసి ఆదివారం నాకు పంపు.

ఈ ఉత్తరంతో పాటు రెండు జిరాక్సులు పెడుతున్నాను. ఒకటి 1983 నాటి స్కోర్‌లో ఆ పేజీ. రెండోది ఆ క్లారినెట్ కాగితం, పెన్సిల్ గీతలు వెలిసిపోయి జిరాక్సులో పడలేదు. ఏ ఎనిమిది బార్లో నేను చెప్పను. రెండూ పక్కపక్కన పెట్టుకుని నువ్వే కనుక్కుని ఫోన్ చెయ్యి.

మావయ్య