అక్క కొడుకు కళ్లు పచ్చగా ఉంటున్నాయి.. మా పిల్లలకు అంటుకుంటుందా?

ప్రశ్న: మా అక్క కొడుక్కి ఐదేళ్లు. సికిల్ సెల్ ఎనీమియా అని రెండేళ్ల కిందట తేలింది. కళ్లు తరచూ పచ్చబడతాయి. కాళ్లూ చేతులూ నొప్పులని ఏడుస్తాడు. సెలవులకు మా ఇంటికి వస్తే మా అత్తగారు వాడికి కంచం, గ్లాసు వేరుగా పెట్టించారు. ఈ జబ్బు అంటుకుంటుందా? అక్కకూ బావకూ లేనిది వాడికెలా వచ్చింది? మాది మేనరికం. మా వారు మా మేనమామ కొడుకే. మా పిల్లల గురించి భయపడాలా?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: అమ్మా, ముందు ఆ కంచాన్నీ గ్లాసునూ మిగతావాటితో కలిపేయండి. కలిసి తిన్నా, ఆడుకున్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా సికిల్ సెల్ అంటుకోదు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో రావాల్సిందే తప్ప, పుట్టాక ఇంకెవరి నుంచీ రాదు.

అలాగని మీ అత్తగారిని తప్పుపట్టలేను. ఆమెను భయపెట్టింది ఆ పచ్చ కళ్లే అయి ఉంటుంది. కలుషితమైన నీరు, తిండి వల్ల వచ్చే కామెర్లు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి నిజంగానే పాకుతాయి. కానీ ఈ బాబు సంగతి వేరు. మామూలుగా ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది. అలా చితికిన కణాల నుంచి వెలువడే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వల్లే కళ్లు పచ్చబడతాయి, కణాలు తరిగిపోవడం వల్లే రక్తం తగ్గుతుంది. ఇది తెలియక పసరు మందు పోయించేవారూ, రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ తాగించేవారూ ఉన్నారు. పసరు వద్దే వద్దు. ఐరన్ కూడా పరీక్షలో లోపం తేలితేనే ఇవ్వాలి. తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో అది ఒంట్లో పేరుకుపోయి గుండెకూ కాలేయానికీ చేటు చేస్తుంది.

ఇక అక్కకూ బావకూ లేనిది వాడికెలా వచ్చిందంటే, హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువు మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెంటిలో ఒక్కటే లోపమున్నదైతే ఆ మనిషి వాహకుడు మాత్రమే. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. మీ అక్కా బావా ఇద్దరూ అలాంటివారే అయి ఉంటారు. ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువే అందితే కణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. బాబును ఏడిపించే నొప్పులు అవే. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒకరికి వచ్చింది కాబట్టి తర్వాతి బిడ్డకు రాదనుకోవడం తప్పు. ప్రతిసారీ చీటీ కొత్తగా తీసినట్టే.

మన్యంలో ఈ జన్యువు ఎక్కువగా కనిపించడానికి కారణం మలేరియా. దోమ ద్వారా మలేరియా వస్తుందనడానికి రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే ఆధారం పట్టుకున్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో పరిశీలించి, సికిల్ సెల్ వాహకులకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని తేల్చారు. తరతరాలుగా మలేరియా ఉన్న చోట వాహకులు ఎక్కువగా బతికి బట్టకట్టారు, జన్యువూ నిలిచిపోయింది. అయితే జబ్బు ఉన్న ఈ బాబుకు ఆ రక్షణ లేదు. మలేరియా వస్తే వాడికి మరీ ప్రమాదం. దోమతెర తప్పనిసరి.

మీ అత్తగారికి చెప్పాల్సింది ఒకటుంది. బాబు వల్ల మీ పిల్లలకు ముప్పు లేదు, మీ పిల్లల జలుబూ జ్వరాల వల్లే బాబుకు ముప్పు. ఈ జబ్బులో కడుపులో ఎడమవైపు ఉండే ప్లీహం చిన్నతనంలోనే దెబ్బతింటుంది. న్యుమోకాకస్ వంటి సూక్ష్మజీవులను రక్తంలోంచి ఏరివేసేది అదే. అందుకే మామూలు పిల్లల్లో మాత్రతో తగ్గే జ్వరం వీరిలో గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. 101 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమని అక్కకు చెప్పండి. ఊపిరి ఆడకపోయినా, కడుపు ఎడమవైపు ఉబ్బినా, చెయ్యో కాలో పడిపోయినా అంతే. న్యుమోకాకల్, టైఫాయిడ్ టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి. ఇన్ఫెక్షన్లు రాకుండా పెన్సిలిన్ వాడుతుంటే ఐదేళ్లు నిండాయని సొంతంగా ఆపకూడదు. హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టకపోతే దాని గురించి డాక్టర్‌ను అడగమనండి. నొప్పులను బాగా తగ్గించే మందు అది. నీళ్లు ఎక్కువగా తాగించడం, చలికి తిప్పకపోవడం మీరూ చేయగలిగినవే.

ఇప్పుడు మీ సంగతి. అక్క వాహకురాలైతే మీరూ అయ్యే అవకాశం సగానికి సగం ఉంది. మేనరికం కాబట్టి మీవారిలోనూ అదే జన్యువు ఉండవచ్చు. ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. శిబిరాల్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే చాలదు. అది వాహకులనూ రోగులనూ విడదీయలేదు, తలసీమియా అనే మరో వంశపారంపర్య రక్తలోపాన్ని పట్టుకోలేదు. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులైలో ప్రారంభించిన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. మీ పీహెచ్‌సీలో అడగండి. ఇద్దరిలో ఒక్కరికే ఆ జన్యువు ఉండి, రెండోవారి పరీక్షలో ఏ లోపమూ లేకపోతే పిల్లలకు జబ్బు రాదు. ఇద్దరికీ ఉంటే పిల్లలకూ వెంటనే చేయించండి. మీరో, మీ అక్కో మళ్లీ బిడ్డను కనాలనుకుంటే గర్భం నిలిచిన వెంటనే డాక్టర్‌ను కలవాలి. గర్భస్థ శిశువుకు చేసే పరీక్ష 11వ వారం నుంచే వీలవుతుంది.