బాడుగ ఎంతో తర్వాత చూద్దాం, ముందు ఖాతాలో ఎంతుంది?

ప్రశ్న: నా వయసు 37. బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. భార్య, ఇద్దరు పిల్లలు. ఐటీ ఉద్యోగం, చేతికి 1.15 లక్షలు వస్తాయి, ఇంటి ఖర్చు 85,000. మూసేసిన ఒక గేమింగ్ సెంటర్ నుంచి మూడు పాత పిన్‌బాల్ మెషీన్లు (అద్దం కింద ఉక్కు గోళీని కొడుతూ ఆడే ఆట పెట్టెలు) 9 లక్షలకు కొన్నాను. 7 లక్షలు పర్సనల్ లోన్: 14 శాతం, ఐదేళ్లు, ఈఎంఐ సుమారు 16,300. మిగతా 2 లక్షలకు ఎఫ్‌డీ తీసేశాను. కోరమంగలలో ఒక కేఫ్ రెండు మెషీన్లు నెల అద్దెకు అడుగుతోంది. ఒక్కోటి 9,000కి ఇస్తే ఈఎంఐ వెళ్లిపోతుంది. డిపాజిట్ ఏమీ అడగలేదు. ఈ రేటు సరైనదేనా? పార్టీలకు రోజుకు ఎంత చెప్పాలి? లోన్ టాపప్ చేసి, అంటే ఉన్న లోన్ మీదే ఇంకొంత అప్పు తీసుకుని, ఇంకో రెండు కొనమంటారా? సేవింగ్స్‌లో 40,000 ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీదే.

జవాబు: టాపప్ అన్న మాట దగ్గర చదవడం ఆపేసి, కాఫీ తాగొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. వద్దు. కారు కొని క్యాబ్‌కి పెట్టినవాళ్లు, ఫ్లాట్ కొని అద్దెకిచ్చినవాళ్లు, టెంట్ హౌస్ పెట్టినవాళ్లు, అందరూ నాకు చెప్పే మాట ఒకటే: "బాడుగతో ఈఎంఐ వెళ్లిపోతుంది సార్." ఈఎంఐ ఎంతో చూసి బాడుగ కట్టడమే అసలు తప్పు. ఈఎంఐ మీకూ బ్యాంకుకీ మధ్య లెక్క. మెషీన్ ఎంత అరుగుతోందో దానికి తెలియదు.

అరుగుదల ఎలా ఉంటుందో నేను దగ్గర నుంచి చూశాను. ఒక క్లయింటు ఇంట్లో మెషీన్ అద్దం తీసి చూపించారు. గోళీని కొట్టే ఫ్లిప్పర్ల చుట్టూ రబ్బరు నల్లబడి పగుళ్లిచ్చింది. మూలల్లో వేలితో రాస్తే అంటుకునే నల్లటి పొడి. 80 గ్రాముల ఉక్కు గోళీ పదే పదే దొర్లిన చోట రంగు లేచిపోయి చెక్క కనిపిస్తోంది. ఆ గోళీ పాతబడి గరుకెక్కితే అది దొర్లే పలకని ఇంకా త్వరగా గీకేస్తుందట. కేఫ్‌లో రోజంతా ఆడే మెషీన్‌కి రబ్బర్లు, కాయిల్సు, బల్బులు, శుభ్రం చేయడం నెలనెలా ఉండే ఖర్చే.

ఒక్కో మెషీన్ లెక్క ఇలా వేయండి. 3 లక్షలకు కొన్నది ఐదేళ్లకు సగం ధర పలుకుతుందనుకుంటే నెలకు 2,500 కరిగిపోతోంది. లోన్ వడ్డీ, మీరు వదులుకున్న ఎఫ్‌డీ వడ్డీ కలిపితే మీ డబ్బు ఖరీదు సుమారు 12 శాతం, అంటే నెలకు 3,000. రిపేరుకి నేను 2,500 వేశాను, మీ మెకానిక్‌ని అడిగి సరిచేసుకోండి. మొత్తం 8,000. కానీ ఇది మెషీన్ బయట ఉన్నా, మీ పార్కింగ్‌లో ఖాళీగా పడున్నా ఆగని ఖర్చు. ఏడాదిలో ఎనిమిది నెలలే అద్దెకు పోతే, ఆ ఎనిమిది నెలల్లోనే 96,000 రాబట్టాలి. అంటే అసలు ఖర్చే నెలకు 12,000, మీ కష్టంతో కలిపి 15,000. మీరు చెప్పే 9,000తో ఒక్కో మెషీన్ మీద ఏడాదికి 24,000 పోగొట్టుకుంటారు. కేఫ్ వాళ్లు 11 నెలల అగ్రిమెంటు, అందులో ఆరు నెలల లాకిన్ (ఆలోపు మెషీన్ వెనక్కి ఇవ్వకూడదన్న షరతు) రాసిస్తే ఖాళీ భయం తగ్గుతుంది కాబట్టి 11,000కి ఒప్పుకోవచ్చు.

పార్టీ రేటు అంటే నెల అద్దెని ముప్పైతో భాగించడం కాదు. నెలలో వారాంతపు రోజులు ఎనిమిది, వాటిలో నాలుగు బుక్కయితే గొప్ప. కాబట్టి రోజుకు 4,000, టాటా ఏస్ బాడుగ, కూలీలు రానూపోనూ వేరే. వంద కిలోల పైచిలుకు బరువు, కాళ్లు విప్పి, తలభాగం మడిచినా ఒక్కరు ఎత్తేది కాదు. దించాక లెవెల్ చూసి వాలు సరిచేయాలి, ఆడుతున్నంతసేపూ తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. అమెరికా నుంచి వచ్చిన పాత మెషీన్ అయితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులకు మార్చి ఉందో లేదో చూడకుండా ప్లగ్ పెట్టనివ్వకండి.

ఇక డిపాజిట్. ఇంటి ఓనర్లు పది నెలల అడ్వాన్స్ అడగడం అలవాటైన ఊళ్లో ఉంటూ మీరు ఒక్క రూపాయి అడగలేదు! కనీసం రెండు నెలల అద్దె తీసుకోండి. మీ ఇంటికి ఇన్సూరెన్స్ పాలసీ ఉన్నా, వ్యాపారానికి వేరేచోట పెట్టిన మెషీన్‌కి అది వర్తిస్తుందని నమ్ముకోవద్దు. కేఫ్ పాలసీలో మీ మెషీన్ల పేరు, విలువ రాయించి, ఆ కాపీ చేతికొచ్చాకే బండి ఎక్కించండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి మీకు నెలకు లక్ష పైనే కావాలి. చేతిలో 40,000. జీతం ఆగితే మీ ఇల్లు నడిచేది పన్నెండు రోజులు. ఉద్యోగం పోతే కంపెనీ హెల్త్ కవర్ కూడా దాంతోపాటే పోతుంది. అదే నెలలో కేఫ్ మూతపడితే? ఐటీ జీతాలు ఊగితే వీకెండ్ ఖర్చులూ తగ్గుతాయి, కేఫ్‌ల గిరాకీ వాటి మీదే. మీ జీతం, మీ బాడుగ రెండూ ఒకే కొమ్మకు వేలాడుతున్నాయి. అలాంటప్పుడు ఎఫ్‌డీ తీసి మెషీన్‌లో పెట్టడం నాకు మింగుడు పడటం లేదు.

మూడో మెషీన్‌కి ఎలాగూ కేఫ్ దొరకలేదు. అమ్మేయండి, రెండున్నర లక్షలు వచ్చినా సరే. ఆ డబ్బుతో లోన్ తగ్గించుకుంటానంటారేమో, 14 శాతం వడ్డీ కడుతూ ఆరేడు శాతం ఎఫ్‌డీ ఎందుకని. నేను మాత్రం ముందు ఎఫ్‌డీయే అంటాను. పర్సనల్ లోన్‌కి కట్టేసిన డబ్బు ఆపదలో వెనక్కి అడిగితే ఇవ్వరు. అప్పుడు చెయ్యి క్రెడిట్ కార్డు మీదకి పోతుంది, దాని వడ్డీ ఏడాదికి 36 శాతం, ఆ పైనే. మెషీన్ డబ్బు, ఉన్న 40,000, జీతంలో మిగిలేది, రెండు మెషీన్ల అద్దెలో రిపేరు పోగా వచ్చేది కలిపితే పది పదకొండు నెలల్లో ఆరు లక్షలు, అంటే ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు, అవుతాయి. ఆ తర్వాతే లోన్ ముందస్తుగా కట్టే మాట. ఈలోపు కుటుంబానికి సొంత ఫ్లోటర్ పాలసీ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ కవర్) తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ కూడా లేదు.

ఆటకింత అని కేఫ్‌తో వాటా పద్ధతి కూడా ఉంది, కానీ ఎన్ని ఆటలు ఆడారో మెషీన్ లోపలి లెక్క మీరే చదవగలిగితేనే. ఈ వ్యాపార ఆదాయం ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపాలి, జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 ఫారం దానికి పనికిరాదు. ఏడాదికి 20 లక్షల లోపు కాబట్టి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు. మీ ఆఫర్ లెటర్‌లో వేరే వ్యాపారం చేయకూడదన్న షరతుందేమో ఈ రాత్రే తీసి చూడండి.

కేఫ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు 15,000తో మొదలుపెట్టండి. అగ్రిమెంటు లేకుండా 12,000కి దిగమంటే, లేదా అగ్రిమెంటుతో 11,000 కూడా ఇవ్వలేమంటే, మెషీన్ కదపకండి. బ్యాంకు నుంచి "మీకు ప్రీ-అప్రూవ్డ్ టాపప్ ఉంది సార్" అని ఫోన్ వస్తే వెంటనే పెట్టేయండి.